గడ్డి చామంతిని విప్పి చూసి, వర్ణించి, వర్గీకరించడం ఎలా?

పొలం గట్టు, చెరువు కట్ట, బడి ఆవరణ, రైలు పట్టాల పక్క కంకర, ఇంటి ప్రహరీ మొదట్లోని పగులు: వీటిలో ఏ చోటికి వెళ్ళినా గడ్డి చామంతి కనబడుతుంది. నేలను అంటి పెట్టుకుని పాకే కాండం, దాని మీద నుంచి జానెడు పొడవున నిటారుగా లేచిన సన్నని కాడ, ఆ కాడ చివర లేత పసుపు రేకులున్న ఒక్కటే చిన్న పువ్వు. దెబ్బ తగిలినప్పుడు దీని ఆకు నలిపి పసరు పిండే ఊళ్ళలో దీన్ని గాయపాకు అంటారు. పలక మీద అక్షరాలు దిద్దిన తరం వారికి ఇది పలకాకు. ఈ ఆకును బొగ్గుతో కలిపి నూరి పలకకు పట్టించి ఎండబెడితే పలక నల్లగా నిగనిగలాడేది.

పేరు తెలిసిన మొక్కే కదా, ఇక వర్ణించడానికి ఏముంది అనిపించవచ్చు. చామంతి కుటుంబంలో చాలామంది పొరబడేది సరిగ్గా ఇక్కడే. తల నూనె కాచడానికి గుంటగలగర కావాలని వెళ్ళి, సంచీ నిండా గడ్డి చామంతి కోసుకు వచ్చినవారిని నేను చూశాను. రెండూ పొలాల దగ్గర పెరిగేవే, రెండింటి ఆకులూ గరుకే, రెండింటి పువ్వులూ చిన్నవే. ఆ తేడాను అవతలివారికి నోటితో చెప్పడం కష్టం. నాలుగు వాక్యాలు సరిగ్గా రాసి ఇస్తే మాత్రం, ఆ మొక్కను ఎన్నడూ చూడనివారు కూడా పోల్చుకోగలరు. శాస్త్రీయ వర్ణన అంటే ఆ నాలుగు వాక్యాలే. అవి ఎలా రాయాలో గడ్డి చామంతి మీద చేసి చూద్దాం. ఒకసారి చేయి తిరిగితే ఈ కుటుంబంలోని ఏ అడవి మొక్క ఎదురైనా ఇదే పద్ధతి పనికివస్తుంది.

దగ్గర పెట్టుకోవలసినవి

పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం, మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు, రెండు గుండుసూదులు, కొత్త బ్లేడు, తెల్ల కాగితం, పెన్సిలు, నోటు పుస్తకం. భూతద్దం దొరకకపోతే ఫోను కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి, తెర మీద పెద్దది చేసి చూడవచ్చు. అయితే వెంట్రుకలు, పొరల వంటివి భూతద్దంలో కనిపించినంత స్పష్టంగా ఫొటోలో కనిపించవు. పెన్సిలే ఎందుకంటే, పొలంలో తడి తగిలినా రాత చెదరదు.

మొక్కను ఎంచుకోవడం

మంచు ఆరిన తరువాత వెళ్ళండి. తడిగా ఉన్న మొక్కను కాగితాల మధ్య పెడితే బూజు పడుతుంది. ఒకే మొక్క మీద మొగ్గ, విచ్చిన పువ్వు, గింజ ముదిరి దూది ఉండలా తయారైన తల, ఈ మూడూ ఉన్నదాన్ని వెతకండి. చామంతి కుటుంబంలో గింజ లేని నమూనా సగం నమూనా మాత్రమే. ఎందుకో ముందుకు వెళ్ళాక మీకే తెలుస్తుంది. గడ్డి చామంతి దాదాపు ఏడాది పొడవునా పూస్తుంది కాబట్టి ఈ మూడు దశలూ ఒక్కచోటే దొరకడం కష్టం కాదు.

ఒక్క మొక్కతో సరిపెట్టవద్దు. కాలువ పక్కన నీడలో పెరిగిన మొక్క ఆకు, ఎండిన గట్టు మీది మొక్క ఆకుకు రెట్టింపు ఉండవచ్చు. వేరు వేరు చోట్ల కనీసం పది మొక్కలు చూసి, మీకు కనిపించిన అతి చిన్న కొలత, అతి పెద్ద కొలత రెండూ రాయండి. ‘ఆకు 5 సెం.మీ.’ అని రాస్తే అది ఒక ఆకు గురించి చెప్పినట్టు. ‘ఆకు 3 నుంచి 7 సెం.మీ.’ అని రాస్తే ఆ జాతి గురించి చెప్పినట్టు.

కాండం, ఆకు

ముందు నిలబడి మొక్క మొత్తాన్ని చూడండి. అది నిటారుగా ఉందా, నేల మీద పరుచుకుందా, పరుచుకుని కొసలు మాత్రం పైకి లేపిందా? గడ్డి చామంతిది మూడో రకం. ఇప్పుడు కూర్చుని ఒక కొమ్మను మెల్లగా పైకి ఎత్తండి. నేలను తాకిన కణుపుల దగ్గర పీచు వేళ్ళు పట్టుకుని ఉంటాయి. ఆ కొమ్మను తుంచి పారేసినా మళ్ళీ బతుకుతుందని రైతులు అంటారు కదా, కారణం ఈ వేళ్ళే. ‘కణుపుల వద్ద వేళ్ళు తొడుగుతుంది’ అని రాసుకోండి. తరువాత కాండాన్ని వేళ్ళ మధ్య దొర్లించి చూడండి. బిరుసైన నూగు గుచ్చుకుంటుంది.

ఆకుల దగ్గర మొదట చూడవలసింది వాటి అమరిక. ఒక కణుపు దగ్గర ఎదురెదురుగా రెండు ఆకులుంటే అది అభిముఖ విన్యాసం. కణుపుకు ఒక్కొక్కటిగా, మారి మారి వస్తే ఏకాంతర విన్యాసం. గడ్డి చామంతి ఆకులు అభిముఖం. ఈ ఒక్క లక్షణమే వయ్యారిభామ వంటి ఎన్నో ఇరుగుపొరుగు మొక్కల నుంచి దీన్ని విడదీస్తుంది కాబట్టి, ఒక్క కణుపు చూసి తేల్చేయకుండా కింద నుంచి పైదాకా చూడండి.

ఆకు కాడ పొట్టిది. ఆకు దళం అండాకారం నుంచి బల్లెం మొన ఆకారం వరకు ఉంటుంది. మొదలు కాడ వైపు సన్నబడి, కొస మొనదేలి ఉంటుంది. అంచు రంపపు పళ్ళలా ఉన్నా, ఆ పళ్ళు సమానంగా ఉండవు. కొన్ని ఆకుల్లో అవి లోతుగా చీలి తమ్మెల్లా కనిపిస్తాయి. ఆకు మొదలు దగ్గర నుంచి మూడు ఈనెలు కొట్టవచ్చినట్టు బయలుదేరతాయి. ఆకును వెలుతురుకు అడ్డంగా పెట్టి భూతద్దంలో చూస్తే, రెండు వైపులా ఉన్న నూగులో ప్రతి వెంట్రుక అడుగునా చిన్న బొడిపె కనిపిస్తుంది. ఆకుకు గరుకుతనం ఇచ్చేవి ఆ బొడిపెలే.

పువ్వు అనుకున్నది పువ్వు కాదు

ఇక్కడ తొందరపడవద్దు. ఈ కుటుంబం తాళంచెవి అంతా ఇందులోనే ఉంది.

కాడ చివర మనం పువ్వు అని పిలిచేది నిజానికి ఒక పూల సభ. పదుల సంఖ్యలో చిన్న పువ్వులు ఒకే పీట మీద గుమిగూడి, బయటికి ఒక్క పువ్వులా కనబడతాయి. వృక్షశాస్త్రంలో దీన్ని శీర్షవిన్యాసం అంటారు, క్లుప్తంగా శీర్షం లేక తల. ఇందులోని ఒక్కొక్క చిన్న పువ్వు పేరు పుష్పకం. పొద్దుతిరుగుడు, బంతి, చామంతి, కుసుమ, అన్నింటిదీ ఇదే కట్టుబాటు. ఈ కుటుంబానికి పాత పేరు కంపోజిటే, అంటే కలగలిపి కూర్చినది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న పేరు ఆస్టరేసి. నామకరణ నియమాలు ఈ రెండు పేర్లనూ అంగీకరిస్తాయి కాబట్టి పుస్తకంలో ఏది కనిపించినా అది ఈ కుటుంబమే.

శీర్షాన్ని విప్పే ముందు దాని కాడ పొడవు కొలవండి. గడ్డి చామంతిలో అది 10 నుంచి 30 సెం.మీ. వరకు, ఆకులేవీ లేకుండా, ఒక్క తలనే మోస్తూ ఉంటుంది. ఇదే ఈ మొక్కను పది గజాల నుంచి పట్టిచ్చే గుర్తు.

ఇప్పుడు తలను బోర్లించి చూడండి. అడుగున పచ్చని ఆకుల్లాంటి తొడుగు ఉంటుంది. చూసినవారు దీన్ని రక్షక పత్రాలు అనుకుంటారు. కాదు, ఇవి సభ మొత్తానికి చుట్టూ కట్టిన దడి. దీని పేరు పరిచక్ర పుచ్ఛావళి. గడ్డి చామంతిలో ఇది గంట ఆకారంలో, 2 లేక 3 వరుసలుగా ఉంటుంది. బయటి పుచ్ఛాలు ఆకుపచ్చగా, నూగుతో ఉంటే, లోపలివి పలుచగా, పొరలా ఉంటాయి. ఎన్ని వరుసలున్నాయి, వరుసల మధ్య పొడవులో తేడా ఉందా, అంచు ఎలా ఉంది అన్నవి తప్పక రాయండి. ఈ కుటుంబంలో ఒక ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, మరో ప్రజాతి నుంచి విడదీసేటప్పుడు నిపుణులు ముందుగా అడిగే ప్రశ్నల్లో ఇది ఒకటి.

బ్లేడుతో తలను నిలువునా రెండుగా కోయండి. ఒకే కోత, ఊగించకుండా. సగభాగాన్ని తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. కింద కొద్దిగా ఉబ్బిన పీట పుష్పాసనం. దాని మీద వరుసగా నిలబడ్డవి పుష్పకాలు. పుష్పకాల మధ్య పొట్టులాంటి పలుచని పొరలు నిలబడి ఉన్నాయేమో సూదితో వెతకండి. గడ్డి చామంతిలో ఉంటాయి. కొన్ని ప్రజాతుల్లో పీట నున్నగా బోసిగా ఉంటుంది. చాలామంది వర్ణనల్లో ఈ పొరల ప్రస్తావనే ఉండదు. పొరలు కనిపించకపోతే ‘లేవు’ అని రాయండి. ఖాళీగా వదిలేస్తే చూడలేదని అర్థం వస్తుంది.

చుట్టూ ఉన్న లేత పసుపు లేక మీగడ రంగు రేకులను లెక్కపెట్టండి. ఇవి సాధారణంగా 5 ఉంటాయి, 3 నుంచి 8 వరకు కూడా కనిపించవచ్చు. ఒక్కదాన్ని సూదితో అడుగు నుంచి పెకలించి తీయండి. రేకు ఒక్కటే రాదు. దాని అడుగున చిన్న గొట్టం, ఆ గొట్టం కింద అండాశయం కూడా వస్తాయి. అంటే ఆ రేకు ఒక పూర్తి పుష్పకం. పేరు కిరణ పుష్పకం. అందులో కేసరాలు, అంటే పుప్పొడినిచ్చే మగ భాగాలు వెతకండి, ఉండవు. రెండుగా చీలిన కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే ఆడ భాగపు కొస మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి ఇది స్త్రీ పుష్పకం. తరువాత ఆ రేకు కొస చూడండి. మూడు చిన్న పళ్ళున్నాయా? కొన్నింటిలో రెండే కనిపించవచ్చు.

ఆ పళ్ళకు ఎందుకంత ప్రాముఖ్యం? ఈ కుటుంబంలో ఒక్కో పుష్పకానికి ఆకర్షణ పత్రాలు 5, అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి ఉంటాయి. మీరు ఎప్పుడైనా అడవి లెట్యూస్ వర్గం మొక్కను, ఉదాహరణకు ఇసుక నేలల్లో పెరిగే లానియాను తుంచి చూడండి. తెల్లని పాలు కారతాయి. దాని తలలో అన్నీ నాలుకల్లాంటి పుష్పకాలే. ప్రతి నాలుక కొసన 5 పళ్ళు, అంటే 5 పత్రాలూ కలిసి ఆ నాలుక అయ్యాయి. గడ్డి చామంతి కిరణ పుష్పకంలో ఉన్నవి 3. పొద్దుతిరుగుడు, బంతి వైపు బంధువులది ఈ 3 పళ్ళ కట్టుబాటు. కంటికి కనిపించీ కనిపించని ఆ పళ్ళ లెక్కతో కుటుంబంలోని రెండు పెద్ద శాఖలు విడిపోతాయి. మొదటిసారి ఇది నా కళ్ళతో నేను లెక్కపెట్టి తెలుసుకున్నప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు. మీరూ లెక్కపెట్టండి.

మధ్యలోని ముదురు పసుపు గుండ్రం బింబ పుష్పకాలది. ఇవి బయటి వరుస నుంచి లోపలికి క్రమంగా విచ్చుకుంటాయి కాబట్టి, ఒకే తలలో మొగ్గలూ, విచ్చినవీ, వడలినవీ చూడవచ్చు. విచ్చిన ఒకదాన్ని తీసి నీటి చుక్కలో పెట్టండి. సన్నని గొట్టం, పైన 5 తమ్మెలు. లోపల 5 కేసరాలు. వాటి కాడలు విడివిడిగా ఉన్నా, పరాగకోశాలు (పుప్పొడి సంచులు) మాత్రం అంచులు అతుక్కుని ఒక గొట్టంలా నిలుస్తాయి. ఈ కుటుంబపు ముద్ర ఇది.

ఆ గొట్టం లోపలి వైపుకు పుప్పొడి రాలుతుంది. అప్పటికి కీలం, అంటే అండాశయం మీది సన్నని కాడ, ఇంకా కింద ఉంటుంది. అది పైకి పెరుగుతూ, సీసాలు కడిగే బ్రష్షులా, గొట్టంలోని పుప్పొడిని బయటికి నెట్టుకు వస్తుంది. పుప్పొడిని కీటకాలు తీసుకుపోయాక, కీలం కొస రెండుగా విచ్చుకుని పరాగాన్ని అందుకోవడానికి సిద్ధమవుతుంది. అంటే ఒకే పుష్పకం ముందు మగ దశలో, తరువాత ఆడ దశలో ఉంటుంది. ఒక తలను భూతద్దంతో బయటి నుంచి లోపలికి చూస్తే ఈ కథంతా ఒకేసారి కనిపిస్తుంది: అంచున కొసలు విచ్చిన కీలాలు, కొంచెం లోపల పుప్పొడి మోసిన గొట్టాలు, నడుమ మూసిన మొగ్గలు. పొద్దున పూట చిన్న సీతాకోకచిలుకలు ఈ పూల మీద ఎందుకు వాలతాయో, వాలినప్పుడు వాటి కాళ్ళకు ఏమి అంటుకుంటుందో కూడా అర్థమవుతుంది.

గింజ, దాని గొడుగు

ముదిరిన తలను కాగితం మీద విదిలించండి. గాలి వీచే చోట చేయవద్దు, అన్నీ ఎగిరిపోతాయి. ఒక్కొక్కటి 2 నుంచి 2.5 మి.మీ. ఉండే నల్లని లేక ముదురు గోధుమ రంగు కాయ. దాని ఒంటి నిండా పట్టులాంటి నూగు. మనం గింజ అంటున్నా, ఇది నిజానికి ఒకే విత్తనం ఉన్న పొడి ఫలం. నిమ్న అండాశయం, అంటే మిగతా పూభాగాల కింద ఉండే అండాశయం నుంచి ఏర్పడే ఈ ఫలానికి సిప్సెలా అని పేరు.

దాని నెత్తిన ఉన్న వెంట్రుకల కుచ్చు కేశగుచ్ఛం. మామూలు పువ్వులో రక్షక పత్రాలు ఉండవలసిన చోట ఇది ఉంది, వాటి మారు రూపమే ఇది. గడ్డి చామంతిలో సుమారు 20 వెంట్రుకలు, పొడవుది ఒకటి పొట్టిది ఒకటిగా ఉంటాయి. భూతద్దంలో చూస్తే ప్రతి వెంట్రుకకూ ఇరువైపులా మళ్ళీ సన్నని పోగులు, పక్షి ఈకలా. బింబ పుష్పకాల నుంచి వచ్చిన కాయల మీద ఈ కుచ్చు 5, 6 మి.మీ. ఉంటుంది. కిరణ పుష్పకాల కాయల మీద అంతకంటే పొట్టిగా ఉంటుంది. కేశగుచ్ఛం ఈకలాంటిదా, సాదా వెంట్రుకా, పొలుసులా, అసలు లేనేలేదా అన్న ప్రశ్నకు జవాబు దొరికితే గుర్తింపులో సగం పని అయిపోయినట్టే. గింజ లేని నమూనాను సగం అన్నది ఇందుకే.

పోలిక గల మొక్కలతో పక్కపక్కన పెట్టడం

వర్ణన సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవాలంటే, అది పక్క మొక్కకు వర్తించకూడదు. పొలం నుంచే మరో నాలుగు మొక్కలు తెచ్చుకోండి.

గుంటగలగర మొదటిది. ఇది తేమ నేలలో, కాలువల వెంట, వరి మడుల్లో పెరుగుతుంది. ఆకులు దీనికీ అభిముఖమే, కానీ సన్నగా, దాదాపు కాడ లేకుండా ఉంటాయి. తల కాడలు పొట్టివి, ఆకుల పంగల్లో నుంచి వస్తాయి. తల తెల్లన. కిరణ పుష్పకాలు చాలా సన్నవి, ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. కాయ మీద వెంట్రుకల కుచ్చు ఉండదు. ఆకును నలిపితే పసరు కాసేపటికి నల్లబడుతుంది. నూనె కాచేవారికి నేను చెప్పేది ఒక్కటే: పొడవాటి కాడ చివర ఒంటరి తల, గింజ మీద దూది, ఈ రెండూ కనిపిస్తే అది గుంటగలగర కాదు.

వయ్యారిభామ రెండోది. దీన్ని ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. చాలామందికి చర్మం దద్దురు లేస్తుంది, పుప్పొడితో తుమ్ములు, ఆయాసం వస్తాయి. చేతి తొడుగులు వేసుకోండి, లేదా దూరం నుంచి చూడండి. ఇది కూడా గడ్డి చామంతిలాగే అమెరికా ఖండం నుంచి వచ్చినదే. మన దేశంలో 1950ల మధ్యలో పూణె దగ్గర దీన్ని గమనించారు. ఆకులు ఏకాంతరం, క్యారెట్ ఆకులా లోతుగా చీలి ఉంటాయి. మొక్క నిటారుగా పెరిగి బాగా కొమ్మలు వేస్తుంది. చిన్న తెల్ల తలలు గుంపులు గుంపులుగా ఉంటాయి.

సహదేవి తలలు ఊదా రంగువి, కిరణ పుష్పకాలు ఉండవు, ఆకులు ఏకాంతరం. బోడసరం వరి కోసిన మడుల్లో ఊదా రంగు గుండ్రని బంతుల్లా పూస్తుంది, కాండానికి రెక్కల్లాంటి అంచులుంటాయి, నలిపితే ఘాటైన వాసన.

ఇప్పుడు వీటితో ఒక చిన్న గుర్తింపు పట్టిక తయారు చేయండి. ప్రతి మెట్టులోనూ రెండే దారులు. ఆకులు అభిముఖమా, ఏకాంతరమా? అభిముఖమైతే కాయ మీద ఈకల కుచ్చు ఉందా, లేదా? ఉంటే గడ్డి చామంతి, లేకపోతే గుంటగలగర. ఏకాంతరమైతే తలలో కిరణ పుష్పకాలు ఉన్నాయా? ఉంటే వయ్యారిభామ. లేకపోతే కాండానికి రెక్కలున్నాయా? ఉంటే బోడసరం, లేకపోతే సహదేవి. మీ ఊరి మొక్కలకు మీరే తయారు చేసిన ఇలాంటి పట్టిక, ఏ పెద్ద గ్రంథంలోని పట్టిక కంటే ముందుగా మీకు ఉపయోగపడుతుంది. ఆరో మొక్క దొరికినప్పుడు పట్టికలో దానికి చోటు ఎక్కడో మీరే నిర్ణయించుకుంటూ పొండి.

కుటుంబం నుంచి జాతి దాకా

వర్గీకరణ అంటే పెద్ద గది నుంచి చిన్న గదిలోకి నడవడం. ఒక్కో గడప దాటడానికి మీరు చూసిన ఒక్కో లక్షణం ఆధారం కావాలి. గడ్డి చామంతి పుష్పించే మొక్క, ద్విదళబీజ వర్గం. శీర్షవిన్యాసం, అతుక్కున్న పరాగకోశాలు, నిమ్న అండాశయం, ఒకే విత్తనం ఉన్న సిప్సెలా ఉన్నాయి కాబట్టి ఆస్టరేసి కుటుంబం. ప్రపంచంలోని పుష్పించే మొక్కల కుటుంబాల్లో అతి పెద్దవాటిలో ఇదొకటి, ఇందులో సుమారు 25,000 జాతులున్నాయి. కిరణ పుష్పకాలు, బింబ పుష్పకాలు రెండూ ఉండి, రేకుకు 3 పళ్ళు ఉండటం, పాలు లేకపోవడం దీన్ని ఆస్టరాయిడే ఉపకుటుంబానికి చేరుస్తాయి. తెగ దగ్గర మాత్రం పాత, కొత్త పుస్తకాలకు తేడా కనిపిస్తుంది. పాతవి దీన్ని పొద్దుతిరుగుడుతో కలిపి హీలియాంథియే తెగలో పెట్టాయి. ఇప్పటి వర్గీకరణ మిల్లెరియే అనే చిన్న తెగలో ఉంచుతుంది. మీ కళాశాల పాఠ్యంలో బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్తలు బెంథామ్, హుకర్‌ల పాత పద్ధతి ఉంటే గామోపెటాలే, ఇన్‌ఫెరే, ఆస్టరేల్స్, కంపోజిటే అనే వరుస రాయండి. రాసేటప్పుడు ఏ పద్ధతి అనుసరించారో పేర్కొంటే చాలు, రెండింటినీ కలిపి రాయడమే తప్పు.

ప్రజాతి ట్రైడాక్స్. ఇందులో సుమారు 30 జాతులున్నాయి, ఎక్కువ భాగం మెక్సికోలోనివే. జాతి ప్రొకంబెన్స్, అంటే నేల మీద వాలినది. మీరు నిలబడి మొదటగా చూసిన లక్షణమే పేరులో ఉంది. ట్రైడాక్స్ అనే మాట లెట్యూస్‌కు ఉన్న ప్రాచీన గ్రీకు పేరుతో ముడిపడినదని ఒక వివరణ, మూడు పళ్ళ రేకును సూచిస్తుందని మరొకటి. స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో దీనికి ఈ పేరు పెట్టాడు. ఆయన దగ్గరకు చేరిన మొక్క మెక్సికోలోని వెరాక్రూజ్ ప్రాంతానిది. మన గట్ల మీద ఎప్పటి నుంచో ఉన్నట్టు కనిపించే ఈ మొక్కకు సొంత ఊరు అది. వర్ణనలో ‘స్వస్థలం: ఉష్ణమండల అమెరికా, ఇక్కడ వలస వచ్చి స్థిరపడినది’ అని తప్పకుండా ఉండాలి.

శాస్త్రీయ నామం వెంట పేరు పెట్టినవారి సంక్షిప్త నామం రాస్తారు. లిన్నేయస్‌కు అది ఒక్క అక్షరం, ఎల్. కాబట్టి ట్రైడాక్స్ ప్రొకంబెన్స్ ఎల్. సహదేవికి ఇలా కుదరదు. లిన్నేయస్ దాన్ని కొనైజా అనే ప్రజాతిలో పెట్టాడు, తరువాత వెర్నోనియాకు మార్చారు, 1990లో రాబిన్సన్ సయాంథిల్లియం ప్రజాతికి మార్చాడు. అందుకని సహదేవి పేరులో లిన్నేయస్ కుండలీకరణాల్లోకి వెళ్ళి, బయట రాబిన్సన్ పేరు ఉంటుంది. కుండలీకరణాలు కనిపించాయంటే ఆ మొక్క గది మారిందని అర్థం. గడ్డి చామంతి పేరులో అవి లేవు. 1753 నుంచి అది అదే గదిలో ఉంది.

తెలుగు పేర్లను వదిలిపెట్టకండి, కానీ వాటితోనే ఆగిపోవద్దు. బ్రహ్మదండి అని ఒక ఊళ్ళో పసుపు పూల ముళ్ళ మొక్కను అంటారు, అది గసగసాల కుటుంబానిది. మరో చోట చామంతి కుటుంబానికే చెందిన ముళ్ళ బంతుల మొక్కను అదే పేరుతో పిలుస్తారు. పేరు రాసినప్పుడు ఏ ఊళ్ళో, ఏ పని చేసేవారు చెప్పారో కూడా రాయండి.

వర్ణన రాయడం

వరుస తప్పవద్దు. మొక్క స్వభావం, కాండం, ఆకు, శీర్షం, పుచ్ఛావళి, పుష్పాసనం, కిరణ పుష్పకాలు, బింబ పుష్పకాలు, ఫలం, కేశగుచ్ఛం, పెరిగే చోటు. పోలికలు, మెచ్చుకోళ్ళు ఇక్కడికి రాకూడదు. ‘అందమైన’, ‘చిన్న’ అన్న మాటలు తీసేసి కొలతలు పెట్టండి. నేను రాస్తే ఇలా రాస్తాను:

‘నేలబారుగా పాకి కొసలు పైకి లేపే గుల్మం. కణుపుల వద్ద వేళ్ళు తొడుగుతుంది. కాండం బిరుసు నూగుతో ఉంటుంది. ఆకులు అభిముఖం, పొట్టి కాడతో, అండాకారం నుంచి బల్లెం మొన ఆకారం, 3–7 సెం.మీ. పొడవు, అంచు అసమానమైన రంపపు పళ్ళతో, రెండు వైపులా గరుకు నూగుతో, మొదట్లో మూడు ఈనెలతో. శీర్షాలు ఒంటరివి, కొమ్మల చివర, 10–30 సెం.మీ. పొడవైన ఆకుల్లేని కాడ మీద. పుచ్ఛావళి గంట ఆకారం, 2–3 వరుసలు. పుష్పాసనం ఉబ్బెత్తు, పొట్టు పొరలతో. కిరణ పుష్పకాలు 3–8, స్త్రీ, రేకు లేత పసుపు లేక మీగడ రంగు, కొసన 3 పళ్ళు. బింబ పుష్పకాలు అనేకం, ద్విలింగం, పసుపు, గొట్టం ఆకారం, 5 తమ్మెలు. సిప్సెలా 2–2.5 మి.మీ., ముదురు రంగు, పట్టు నూగుతో. కేశగుచ్ఛం ఈకల వంటి సుమారు 20 వెంట్రుకలు, పొడవు పొట్టి మారి మారి. పొలం గట్లు, చెరువు కట్టలు, కంకర నేలల్లో పెరుగుతుంది. స్వస్థలం: ఉష్ణమండల అమెరికా, ఇక్కడ వలస వచ్చి స్థిరపడినది.’

ఇది చదివి మీ కొలతలు వేరుగా వస్తే మీవే ఉంచండి. మీ చేతిలోని మొక్క కాగితం కంటే పెద్ద సాక్షి. రాసినదాన్ని ఈ మొక్క తెలియని స్నేహితుడి చేతికి ఇచ్చి, పొలంలో ఐదు మొక్కల మధ్య నుంచి దీన్ని తెమ్మనండి. తెచ్చినది తప్పైతే ఏ వాక్యం దారి తప్పించిందో అడిగి, దాన్ని మళ్ళీ రాయండి.

నమూనాను భద్రపరచడం

వేరుతో సహా మొక్కను తీసి మట్టి దులిపి, పాత వార్తాపత్రికల మధ్య పరచండి. ఒక ఆకును తిరగేసి పెట్టండి, అడుగు వైపు కూడా కనిపించాలి. ఒక తలను పైకి, మరొక దాన్ని పక్కకు తిప్పండి. పైన బరువు పెట్టి, మొదటి వారం రోజూ కాగితాలు మార్చండి. వానాకాలంలో ఇది ఒక్క రోజు మానినా ఆకులు నల్లబడతాయి. ఎండాక సుమారు 42 × 29 సెం.మీ. మందపాటి తెల్ల అట్ట మీద సన్నని కాగితపు పట్టీలతో అంటించండి.

గింజలు రాలిపోతాయి కాబట్టి వాటిని చిన్న కాగితపు పొట్లంలో వేసి అట్ట మూలన అతికించండి. పొట్లం సరిగ్గా మూయండి. ఇది కలుపు మొక్క, లేని చోట దీన్ని చల్లకూడదు. కుడివైపు కింద చీటీ: శాస్త్రీయ నామం, కుటుంబం, తెలుగు పేరు, ఊరు, మండలం, జిల్లా, నేల ఎలాంటిది, సేకరించిన తేదీ, సేకరించిన వారి పేరు, క్రమసంఖ్య. ఫోనులో అక్షాంశ రేఖాంశాలు కనిపిస్తే అవి కూడా. ఎండితే పోయే వివరాలను, అంటే రేకుల రంగు, వాసన, నిలువెత్తు, పువ్వుల మీద వాలిన పురుగులు, పొలంలోనే నోటు పుస్తకంలో రాసి, అదే క్రమసంఖ్య చీటీ మీద వేయండి. అనుమానం మిగిలితే, దగ్గరలోని విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర విభాగపు హెర్బేరియానికో (ఎండు మొక్కల నమూనాల భాండారం), హైదరాబాదులోని భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్కన్ ప్రాంతీయ కేంద్రానికో ఈ అట్టను, గింజల పొట్లాన్ని, మీరు రాసిన వర్ణనను కలిపి తీసుకువెళ్ళి, అక్కడి నమూనాలతో పక్కన పెట్టి చూపమని అడగండి.